పదకొండు సెంటీమీటర్లు

నలభై ఏడో నంబరు మనిషి మూడు నెలల్లో పదకొండు సెంటీమీటర్లు పొడుగయ్యాడు. అతని వయసు నలభై మూడేళ్ళు.

నిత్యానందం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ చూశాడు. కంప్యూటర్లో ఎత్తు గడిలో అంకెలు అలాగే ఉన్నాయి. మొదటిసారి నూట యాభై ఎనిమిది. రెండోసారీ అంతే. మూడోసారి నూట అరవై తొమ్మిది. ఆ తరవాత రెండుసార్లూ నూట అరవై తొమ్మిదే. టైపు చేసేవాళ్ళు పొరబడితే ఒకసారి పొరబడతారు గాని వరసగా మూడుసార్లు ఒకేలా పొరబడరు.

ఏలూరులో డాక్టర్ సుబ్బరాజు కిడ్నీ ఆసుపత్రి మేడ మీది గది అది. తాడేపల్లిగూడెం డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే నిత్యానందం ఏడాదిగా ప్రతి శనివారం మధ్యాహ్నం ప్యాసింజర్ ఎక్కి వచ్చి ఈ గదిలో కూర్చుంటున్నాడు. కొల్లేటి చేపల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు నూట ఇరవై మంది. అందరికీ మూత్రపిండాలు ఎంతో కొంత దెబ్బతిన్నవే. వాళ్ళలో సగం మంది గుడిసెలకి రోజూ ఒక మంచినీళ్ళ క్యాను ఇస్తున్నారు. మిగతా సగానికి వచ్చే ఏడాది ఇస్తామన్నారు. మూడు నెలలకోసారి అందరికీ రక్తపరీక్ష. క్రియాటినిన్ అనే అంకె పెరిగితే కిడ్నీ చెడుతున్నట్టు, తగ్గితే తేరుకుంటున్నట్టు. ఇదంతా ఒక ట్రస్టు ఖర్చుతో నడుస్తోంది. మంగళవారం ట్రస్టువాళ్ళు ఫలితం వినడానికి వస్తున్నారు.

"చల్లారిపోతుందండి మాస్టారూ," అంటూ సుబ్బరాజు తనే రెండు టీ కప్పులు పట్టుకుని లోపలికి వచ్చాడు. మనిషికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. "నీళ్ళు తాగినవాళ్ళకి సగటు రెండు పాయింట్ ఒకటి నుంచి ఒకటి పాయింట్ ఎనిమిదికి దిగింది. తాగనివాళ్ళకి దిగలేదు. పి వేల్యూ సున్నా పాయింట్ సున్నా రెండు. అంటే మన మాట నిజమవడానికి నూటికి తొంభై ఎనిమిది వంతులు. అంతేగా?"

"అలా కాదండి. నీళ్ళ వల్ల ఏమీ జరగలేదనే అనుకుందాం. అయినా ఊరికే, కలిసొచ్చి, ఇంత తేడా కనబడే అవకాశం నూటికి రెండు. అంతవరకే చెబుతుందండి అది."

"రెండూ ఒకటేగా!"

"కాదండి. కలిసిరావడం కాకపోతే ఇక నీళ్ళేనని అది చెప్పదు. మూడోది ఏదన్నా ఉండొచ్చు."

"మీ క్లాసులో పిల్లలు ఎలా పాసవుతున్నారండీ బాబూ!" సుబ్బరాజు పెద్దగా నవ్వాడు. "ఆ నలభై ఏడో నంబర్ని చూశారా? మూడు పాయింట్ నాలుగు నుంచి ఒకటి పాయింట్ నాలుగు. గంగరాజని, కొల్లేటికోట మనిషి. మంగళవారం అతన్ని స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతున్నాం. నీళ్ళే మందని తేలితే నలభై ఊళ్ళకి క్యాన్లు ఇస్తారట. ఇక ఈ రక్తాలు తీయడం, వ్యాను, ల్యాబు, అదంతా ఆపేయొచ్చు."

డాక్టరు కిందికి వెళ్ళాక నిత్యానందం నూట ఇరవై మందినీ ఎత్తు మారినవాళ్ళు పైకి వచ్చేలా వరస మార్చాడు. తొమ్మిదిమంది తేలారు. నలుగురు పొడుగయ్యారు, ఐదుగురు పొట్టివాళ్ళయ్యారు. తొమ్మిదిమందీ నీళ్ళు అందుకుంటున్న సగంలోనివాళ్ళే. అందరికీ ఎత్తు మారిన రోజునే క్రియాటినిన్ కూడా ఒక్కసారిగా కిందికి పడింది. రెండో సగంలో ఎవరి ఎత్తూ మారలేదు. అక్కడ పద్నాలుగు మంది మాత్రం రెండో మూడో పరీక్షల తరవాత రావడమే మానేశారు.

టీ మీద మీగడ కట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు ఆదివారం. చర్చిలో ఆరాధన అయ్యాక హన్నమ్మ కైకలూరు బస్టాండు దగ్గరికి స్కూటీ తెచ్చింది. కొల్లేటి ఊళ్ళలో రక్తాలు తీసి, బరువులూ ఎత్తులూ రాసే నర్సు ఆవిడే. యాభై దాటిన మనిషి. తెల్ల చీర మీదే బ్యాగు తగిలించుకుని వచ్చింది.

"ఎవర్ని చూడాలండి మాస్టారూ?"

"నలభై ఏడో నంబర్నమ్మా."

హన్నమ్మ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "ఎక్కండి," అంది.

ఎటు చూసినా చెరువులే. గట్లు గీతలు గీసినట్టున్నాయి. నీళ్ళలో వరసగా వెదురు గడలు పాతి ఉన్నాయి. ఒక మనిషి చిన్న పడవలో నిలబడి, చిల్లులు పెట్టిన తవుడు సంచుల్ని ఒక్కో గడకీ కడుతున్నాడు. చేపలు కింద నుంచి పొడుచుకు తింటుంటే ముందు కట్టిన సంచులు ప్రాణమున్నవాటిలా కదులుతున్నాయి. వీళ్ళని చూసి అతను పడవ ఒడ్డుకి తోసుకొచ్చాడు. మోకాళ్ళ దాకా తవుడు. పాతికేళ్ళకి మించవు.

"గంగరాజు గారేనా?" అన్నాడు నిత్యానందం.

"ఆయ్, నేనేనండి."

"వయసెంత?"

"నలభై మూడండి," అన్నాడతను, పాఠం అప్పజెప్పినట్టు.

"చాల్లేరా సాయికృష్ణా," అంది హన్నమ్మ. "మాస్టారికి తెలిసిపోయిందిలే."

సాయికృష్ణ ముందు హన్నమ్మ వైపు గాని, మాస్టారి వైపు గాని చూడలేదు. గుడిసె నీడలో తడి గోనె కప్పి ఉన్న నీళ్ళ క్యాను వైపు చూశాడు.

"నీళ్ళు ఆపేస్తారాండి?"

నిత్యానందం గుడిసెలోకి వంగి చూశాడు. ఒక పక్క తవుడు బస్తాలు. వాటి మీదే పడక. తలవైపు చెరువు మందుల డబ్బాలు, మూత సరిగా లేని నీలం డ్రమ్ము ఒకటి. ఘాటు వాసనకి కళ్ళు మండాయి. గుంజకి కొట్టిన మేకుకి ప్లాస్టిక్ కవర్లో కార్డు వేలాడుతోంది. నలభై ఏడు, గంగరాజు.

"గుడిసె ఒక్క పూట ఖాళీగా ఉన్నా చెరువు కామందు ఒప్పుకోడండి," అన్నాడు సాయికృష్ణ, చేతులు తుడుచుకుంటూ. "మా బావకి కాళ్ళు వాచి నడవలేకపోతుంటే మా అక్క నన్ను పిలిచింది. పని బావ పేరునే ఉంది. కార్డూ బావ పేరునే ఉంది. రక్తం ఇవ్వకపోతే కార్డు కొట్టేస్తారని, క్యాను రాదని చెప్పారు కదండి. గుడిసెలో ఉన్నోడిని నేనే కదాని నేనిచ్చాను. కార్డు గుడిసెదనుకున్నామండి మేము."

అతను చెప్పేదాంట్లో దాపరికం ఏమీ లేదు. ఇక్కడ మనిషి పోతే మనిషి వస్తాడు. గుడిసె అక్కడే ఉంటుంది. నీళ్ళు ఇవ్వని సగంలో జబ్బుపడినవాడి కార్డు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి వాడు ఊరికే రాకుండా పోయాడు. నీళ్ళిచ్చే సగంలో కార్డుకి విలువుంది కాబట్టి ఆ చోటికి ఆరోగ్యంగా ఉన్నవాడు వచ్చి చెయ్యి చాపాడు. సున్నా పాయింట్ సున్నా రెండు అంటే ఇదీ. మూడోది ఏదన్నా ఉండొచ్చని తను నిన్న అన్నది ఇదే.

"మీ బావ ఎక్కడున్నాడు?"

సాయికృష్ణ ఊరి వైపు గడ్డంతో చూపించాడు.

గంగరాజు ఇల్లు ఊరి చివర, రేకుల కింద రెండు గదులు. నవారు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరందదట. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. భార్య వీరదుర్గ తడిగుడ్డతో అతని పాదాలు తుడుస్తోంది. చర్మం పగిలిన చోట గుడ్డని ఆనించి తీస్తోందే గాని రుద్దడం లేదు.

"ఆసుపత్రికి తీసుకెళ్ళలేదామ్మా?" అన్నాడు నిత్యానందం.

"నేనొక్కదాన్నే కార్డట్టుకెళ్ళానండి, చీటీ రాయించుకుందామని. ఈయన బస్సెక్కే స్థితిలో లేడు. కౌంటర్లో అమ్మాయి నంబరు కొట్టి చూసి, మీ ఆయనకి ఒకటి పాయింట్ నాలుగేనమ్మా, బాగా తగ్గిపోయింది, డయాలిసిస్ ఎందుకూ అంది." వీరదుర్గ గుడ్డ పిండింది. "నేనేమని చెప్పనండి? అది మా తమ్ముడి రక్తం అనా?"

"దొంగలమైపోతాం," అన్నాడు గంగరాజు మంచం మీంచి. గొంతులో గురక. అయినా నవ్వాడు. "రేపు మంగళారం నాకు శాలువా అంటండి. మా బామ్మర్ది కప్పుకొస్తానంటున్నాడు. నాకైతే చాలదండి, ఇలా వాచిపోయాను."

నిత్యానందానికి నవ్వు రాలేదు. బ్యాగులోంచి కొలతల టేపు సగం తీసి, మళ్ళీ లోపలికి తోశాడు. గంగరాజే అది చూశాడు.

"కొలవండి బాబూ. దానికోసమే వచ్చారు కదా."

వద్దంటున్నా వినలేదు. ఒక చెయ్యి భార్య భుజం మీద, ఒక చెయ్యి హన్నమ్మ భుజం మీద వేసి లేచి, తలుపు బద్దకి వీపు ఆనించి, గడ్డం పైకెత్తి, స్కూల్లో పిల్లాడిలా నిలబడ్డాడు. నూట యాభై ఎనిమిది. ఆ కాస్త నిలబడినందుకే చెమటలు పట్టేశాయి.

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆటోలో తీసుకురండమ్మా," అన్నాడు నిత్యానందం. "కౌంటర్ దగ్గరికి వెళ్ళొద్దు. గుమ్మంలో నేనుంటాను."

తిరిగి వచ్చేటప్పుడు హన్నమ్మ గట్టు మీద స్కూటీ ఆపింది. దిగలేదు. వెనక్కి తిరగలేదు. నీళ్ళ వైపు చూస్తూ అంది.

"నాకు తెలుసండి. మొదట్నించీ తెలుసు. తొమ్మిదిళ్ళు. చెబితే క్యాన్లు ఆపేస్తారు. ఆ ఇళ్ళలో పసిపిల్లలున్నారండి. రక్తం తీశాను, కార్డు మీద ఉన్న పేరే రాశాను."

నిత్యానందం జారుతున్న బ్యాగుని భుజం మీదికి లాక్కున్నాడు.

"ఎత్తు మాత్రం ఉన్నదున్నట్టే రాశానండి. పాతది చూసి దించేయొచ్చు, అందరూ అదే చేస్తారు. నేను ప్రతిసారీ నిలబెట్టి కొలిచి రాశాను. ఎవరైనా చూస్తారులే, చూసి అడుగుతారులే అనుకున్నాను." స్కూటీ అద్దంలో ఆవిడ కళ్ళు కనబడ్డాయి. "ఆర్నెల్లయిందండి మాస్టారూ. ఎవరూ అడగలేదు."

ఆ అంకెలు ప్రతి శనివారం తన కళ్ళ ముందే ఉన్నాయి. మొదటి అంకె, చివరి అంకె తీసుకుని తేడా కట్టమన్నారు, కట్టాడు. మధ్యలోవి చదవలేదు.

సోమవారం పొద్దున్న ప్యాసింజర్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఉన్న పెద్దాయన ఒళ్ళోని పూలబుట్ట పక్కకి జరిపి, కాగితాలు పెట్టుకోమని బల్ల మీద జాగా ఇచ్చాడు. తొమ్మిదిమందినీ తీసేసి నీళ్ళందే సగంలో మిగిలిన యాభై ఒకరితో రాత్రే లెక్క కట్టాడు. ఏ తేడా లేదు. నీళ్ళు తాగినా తాగకపోయినా ఒకటే. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్కడితో అయిపోవాలి.

కానీ మధ్యలో అంకెలు చదవలేదన్న మాట మనసులో గుచ్చుకుంటూనే ఉంది. కొత్త కాగితం తీశాడు. ఈసారి గంగరాజుని గంగరాజుగా, సాయికృష్ణని సాయికృష్ణగా రాశాడు. పాతవాళ్ళని వదిలేసి, వాళ్ళ బదులు వచ్చిన తొమ్మిదిమందివే విడిగా వరస పెట్టాడు. సాయికృష్ణ గుడిసెకి వచ్చిన కొత్తలో సున్నా పాయింట్ తొమ్మిది. మూడు నెలలకి ఒకటి పాయింట్ ఒకటి. మరో మూడు నెలలకి ఒకటి పాయింట్ నాలుగు. డాక్టరు చప్పట్లు కొట్టించబోతున్న ఒకటి పాయింట్ నాలుగు అదే. పైనుంచి దిగివస్తే అది బాగుపడడం. కింద నుంచి ఎక్కివస్తే మరొకటి.

రెండోవాడికీ పెరిగింది. మూడోవాడికీ పెరిగింది. నాలుగోవాడికి కొంచెం తగ్గింది. మిగతా ఐదుగురికీ పెరిగింది. తొమ్మిదిమందిలో ఎనిమిదిమందికి.

క్లాసులో రూపాయి బిళ్ళతో చెప్పే లెక్కే. తొమ్మిదిసార్లు ఎగరేస్తే ఐదు వందల పన్నెండు రకాలుగా పడొచ్చు. ఎనిమిదీ, అంతకు మించీ బొమ్మ పడేవి పది రకాలే. రైలు భీమడోలు దాటుతుండగా భాగించాడు. నూటికి రెండు.

మళ్ళీ అదే అంకె. అతను పెన్నుకి మూత పెట్టాడు. తొమ్మిదిమందితో ఏదీ రుజువు కాదని, చూశాక వేసుకున్న లెక్కని నమ్మకూడదని ముప్పై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నవాడు తనే. నమ్మడానికి ఇది చాలదు. అయినా తవుడు బస్తాల మీద పరిచిన ఆ పడకా, మూత సరిగా లేని నీలం డ్రమ్మూ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ఎనిమిది దాటేసరికి సుబ్బరాజు గదిలో ఉన్నాడు. మొదటి కాగితం చదివి డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ తొమ్మిదీ ఎర్రర్లు. తీసేసి మిగతావాళ్ళతో కట్టండి."

"కట్టానండి. కిందిదే ఆ అంకె. ఏమీ లేదండి."

డాక్టరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "మాస్టారూ, నేను మందులు అమ్ముకోవడం లేదండి. నీళ్ళు. మంచినీళ్ళు తాగి ఎవరన్నా చెడిపోయారా? రేపు మనం నోరు మూసుకుంటే నలభై ఊళ్ళకి నీళ్ళొస్తాయి. ఆర్నెల్ల తరవాత తీరిగ్గా సరిదిద్దుకుందాం. మీరొక్క సంతకం పెట్టండి చాలు."

నిత్యానందం చేతిలో రెండో కాగితం ఇంకా మడతపెట్టే ఉంది. నలభై ఊళ్ళు. నీళ్ళు. కాదనడానికి తనెవరు? రైల్లో ఇదే ప్రశ్న తనూ వేసుకున్నాడు. రేపు సంతకం పెడితే రక్తాలు తీయడం ఆగిపోతుంది. ఆ తరవాత సాయికృష్ణకి ఒకటి పాయింట్ ఆరో, రెండో, చూసేవాడుండడు.

"నలభై ఏడో నంబరు కింద ఆటోలో ఉన్నాడండి," అన్నాడు. "ఒక్కసారి చూడండి. తరవాత మీ ఇష్టం."

సుబ్బరాజు విసురుగా మెట్లు దిగాడు. ఆటోలో గంగరాజు కళ్ళు మూసుకుని భార్య మీదికి ఒరిగి ఉన్నాడు. డాక్టరు నేల మీద ఒక మోకాలు ఆనించి కూర్చుని, గంగరాజు కాలు ఒళ్ళోకి తీసుకుని, ముంగాలి మీద బొటనవేలితో నొక్కి వదిలాడు. గుంట పడింది. అందరూ దాన్నే చూస్తున్నారు. అది పూడలేదు.

"ఏం పేరు నీది?"

"గంగరాజండి." కళ్ళు తెరిచి డాక్టర్ని గుర్తుపట్టి చేతులు జోడించబోయాడు. "తప్పయిపోయిందండి. మా బామ్మర్దిని ఏమనకండి."

సుబ్బరాజు ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. "వీల్ చైర్!" అని కేకేశాడు. అది వచ్చేలోపు తనే చంకల కింద చేతులు వేసి లేపాడు. కౌంటర్ దాటుతుంటే అక్కడి అమ్మాయి నంబరు అడిగింది. "నంబరు తరవాత. ముందు బెడ్డు," అన్నాడు డాక్టరు.

గంట తరవాత పైకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా బల్ల అంచుకి ఆనుకున్నాడు. "క్రియాటినిన్ ఏడు పాయింట్ ఎనిమిదండి. ఇంకో రోజు శాలువా కోసం ఆగి ఉంటే..." మాట పూర్తి చేయలేదు. "ఆ రెండో కాగితం ఏంటి?"

నిత్యానందం ఇచ్చాడు. తొమ్మిది వరసలు. సుబ్బరాజు వేలితో ఒక్కో వరస వెంటా పోయాడు. నాలుగో వరస దగ్గర ఆగాడు. మళ్ళీ కదిలాడు.

"వీళ్ళు ఆరోగ్యంగా వచ్చినవాళ్ళు."

"అవునండి."

"మన నీళ్ళే తాగుతున్నారు."

"అవునండి."

"ఇదీ నూటికి రెండేనా?"

"మళ్ళీ రెండేనండి. కానీ ఇది చూశాక వేసిన లెక్క. తొమ్మిదిమందే. దీంతో ఏదీ తేల్చలేం."

"ఏముందండీ ఆ గుడిసెల్లో?"

"తెలీదండి," అన్నాడు నిత్యానందం.

కిందెక్కడో డయాలిసిస్ యంత్రం ఆగి ఆగి కూస్తోంది.

మంగళవారం స్టేజీ కట్టలేదు. ట్రస్టువాళ్ళని ఈ గదిలోనే కూర్చోబెట్టి, ఫలితం రాలేదని, వచ్చిందనుకున్నది తప్పని సుబ్బరాజు తన నోటితోనే చెప్పాడు. నర్సు ఎత్తులు సరిగా రాయబట్టే బయటపడిందన్నాడు. మిగతాది ఆవిడ్ని అడగనివ్వలేదు. వచ్చినవాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. గంటన్నర వాదన తరవాత క్యాన్లూ రక్తపరీక్షలూ ఇంకో మూడు నెలలకి ఒప్పుకున్నారు. తరవాత సంగతి తరవాతే అన్నారు. పసుపురంగు శాలువా బీరువాలోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే, అంకె అందరికన్నా వేగంగా ఎక్కుతున్న సాయికృష్ణని ముందుగా గుడిసె వదిలేయమని డాక్టరు కబురు పెట్టాడు. అతను మారు మాట్లాడలేదట. జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటల్లో పని చూసుకుంటానని, పొద్దున్నే బస్సెక్కాడట.

బుధవారం నిత్యానందం సెలవు పెట్టి హన్నమ్మ వెంట వెళ్ళాడు. తొమ్మిది గుడిసెలకీ కొత్త కార్డులు రాయాలి. ఈసారి నంబరు గుడిసెకి కాదు, మనిషికి. గంగరాజు రెండుసార్లు డయాలిసిస్ అయ్యి, వెల్లకిలా పడుకుని ఆరు గంటలు ఏకధాటిగా నిద్రపోయాడని హన్నమ్మ దారిలో చెప్పింది. ఆ మాట చెబుతుంటే స్కూటీ కాస్త నెమ్మదించింది.

నలభై ఏడో నంబరు గట్టు మీదికి వచ్చేసరికి చెరువులో పడవ కనబడింది. పడవలో మనిషి వీళ్ళకి వీపు చేసి నిలబడి, గడకి తవుడు సంచి కడుతోంది. చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఉంది. సంచి బరువుకి పడవ ఒరిగింది. మోకాలితో సర్దుకుని ముడి బిగించింది.

"దుర్గా!" అని పిలిచింది హన్నమ్మ.

వీరదుర్గ తిరిగి చూసి, పడవ ఒడ్డుకి తోసుకొచ్చింది.

"ఆసుపత్రిలో మా ఆడబిడ్డని ఉంచి వచ్చానక్కా. కామందు నిన్న రాత్రే మనిషిని పంపాడు. గుడిసె ఖాళీ అయితే వేరేవాళ్ళని పెట్టుకుంటానన్నాడు. తమ్ముడు వెళ్ళిపోయె. ఇంకెవరున్నారు?"

"డాక్టరు గారు ఈ గుడిసె మంచిది కాదంటున్నారమ్మా," అన్నాడు నిత్యానందం.

"దేనివల్లో చెప్పారాండి?"

"తెలీదమ్మా. ఇంకా తెలీదు."

వీరదుర్గ తల ఊపింది. తెలీదన్న మాటతో వాదించడానికి ఆమెకి తీరిక లేదు. చేతుల తవుడు దులుపుకుని, చెప్పులు విడిచి, గుడిసె గుంజకి వీపు ఆనించి నిలబడింది. మేకు మీద కార్డు లేదు. కింద నీడలో తడి గోనె కప్పిన క్యాను ఉంది.

హన్నమ్మ కొత్త కార్డు తీసి మోకాలి మీద పెట్టుకుంది. నిత్యానందం వంగి టేపు ఒక కొస ఆమె మడమ దగ్గర పట్టుకున్నాడు. రెండో కొస హన్నమ్మ పైకి లాగి, నడినెత్తిన చెయ్యి ఆనించి చదివింది.

"నూట యాభై ఒకటి."

పెన్ను అక్కడే ఆగింది.

"నా పేరే రాయండక్కా ఈసారి," అంది వీరదుర్గ, చెయ్యి చాపి.